పీపాలు లెక్కపెట్టే సైన్యం: సైప్రస్‌లో ఆరు రోజులు

మొదటి రోజు, లార్నకా

విమానం దిగుతుంటే కిటికీలోంచి ఉప్పు సరస్సు కనిపించింది. నీళ్ల మీద అక్కడక్కడా గులాబీరంగు మరకలు. ఫ్లెమింగోలు. చలికాలంలో వస్తాయని చదివాను గానీ రన్‌వేకి ఇంత దగ్గరగా ఉంటాయనుకోలేదు. ఫిబ్రవరి మొదటి వారం కదా, ఎండ ఉన్నా గాలి చల్లగా ఉంది.

నేను వచ్చింది పక్షుల కోసం కాదు. తగాదాలో ఉన్న సరిహద్దుల మధ్య నిలబడే శాంతి పరిరక్షక దళాలు నిజంగా పనికొస్తాయా అన్న ప్రశ్న చాలాకాలంగా బుర్ర తొలుస్తోంది. వార్తల్లో దీని మీద వినిపించేవి రెండే మాటలు. ఐరాస చేతులెత్తేసిందనేది ఒకటి, ఐరాస లేకపోతే ఈపాటికి నెత్తురు ఏరులై పారేదనేది ఇంకొకటి. రెండూ దూరంగా కూర్చుని అనే మాటలే. దగ్గరికెళ్లి చూద్దామంటే అన్నిచోట్లా కుదరదు. గోలన్ గుట్టల మీద, దక్షిణ లెబనాన్‌లో నాలాంటి వాణ్ని ఎవరు రానిస్తారు? సైప్రస్‌లో మాత్రం టికెట్ కొనుక్కుని వెళ్లి, పాస్‌పోర్టు చూపించి, ద్వీపాన్ని గ్రీకు దక్షిణంగా, టర్కిష్ ఉత్తరంగా చీల్చిన గీతను కాలినడకన దాటి రావచ్చు. ఇక్కడ ఐరాస దళం 1964 మార్చి నుంచీ ఉంది. అరవై ఏళ్లు దాటింది.

హోటల్‌కి వెళ్లే దారిలో ఒక వీధి బోర్డు చూసి నవ్వొచ్చింది. గ్రీకు లిపి కింద ఇంగ్లీషులో జనరల్ తిమ్మయ్య పేరు. అవును, మన తిమ్మయ్యే. కొడగు మనిషి, 1957 నుంచి 1961 దాకా భారత సైన్యాధిపతి. రిటైరయ్యాక 1964లో ఇక్కడి దళానికి సేనాధిపతిగా వచ్చి, 1965 డిసెంబరు 18న ఆ పదవిలో ఉండగానే గుండెపోటుతో ఇక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల వేసింది. ఈ దళానికి తొలి సేనాధిపతి కూడా భారతీయుడే, ప్రేమ్‌సింగ్ జ్ఞానీ. మూడో భారతీయుడి సంగతి తర్వాత చెబుతాను, ఆయన కథ పెద్దది.

తిమ్మయ్య ఎవరో తెలుసా అని ఆ వీధిలో ఇద్దరు ముగ్గురిని అడిగాను. మందుల షాపులో కుర్రాడు ఎవరో గ్రీకు వీరుడు అయ్యుంటాడన్నాడు. కాదని చెబితే ఆశ్చర్యపోయి, ఇన్నేళ్లూ చిరునామాలో రాస్తూనే ఉన్నానన్నాడు.

రెండో రోజు, నికోసియా

బస్సులో గంట లోపే. ఊరు దగ్గరపడేసరికి ఉత్తరాన కొండ, కొండ వాలు మీద జెండా బొమ్మ. మైళ్ల దూరం నుంచి కనిపించేంత పెద్దది. టర్కిష్ సైప్రియట్ల చేతిలో ఉన్న ఉత్తర సైప్రస్‌ది. రాత్రయితే దానికి దీపాలు కూడా వెలుగుతాయి. దక్షిణాన ఉన్నవాళ్లు ఏ మేడ ఎక్కినా కంట్లో పడాలనే అక్కడ వేశారు. పంతం అంటే అదీ.

లెడ్రా వీధి ఊళ్లోకెల్లా రద్దీ వీధి. బట్టల కొట్లు, ఐస్‌క్రీములు, ఫోటోలు దిగే జంటలు. అలా నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి ఒక చిన్న బూత్, అందులో పోలీసు. పాస్‌పోర్టు తిప్పి చూసి పంపించాడు. తర్వాత ఒకటి రెండు నిమిషాల నడక. రెండు పక్కలా మూసేసిన కొట్లు, పూలకుండీలు. మళ్లీ ఇంకో బూత్, ఇంకో పోలీసు, వేరే జెండా. అంతే. గ్రీకు బోర్డులు పోయి టర్కిష్ బోర్డులు వచ్చాయి. యూరో పోయి లిరా వచ్చింది. ఈ దారి పేరు కూడా మారి లోక్మజీ అయింది. పెద్ద టెన్షన్ పడుతూ వెళ్లిన నాకు కాస్త చప్పగా అనిపించిందని ఒప్పుకోవాలి.

ఆ రెండు నిమిషాల నడక 2008 ఏప్రిల్ 3 దాకా ఎవరికీ సాధ్యం కాలేదు. అంతకుముందు ఇక్కడ గోడ ఉండేది.

కథ మొదలైంది 1963 డిసెంబరులో. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లే. గ్రీకు సైప్రియట్లు, టర్కిష్ సైప్రియట్లు నికోసియాలో కాల్పులకు దిగారు. బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ ఊరి మ్యాపు పరిచి, రెండు వర్గాల మధ్య పచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. గ్రీన్ లైన్ అన్న పేరు అలా వచ్చింది. చేతికి నీలం పెన్సిల్ అందుంటే బ్లూ లైన్ అనేవాళ్లు. ఆ పేరు తర్వాత లెబనాన్, ఇజ్రాయెల్‌ల మధ్య గీతకు దక్కింది. 1964 మార్చి 4న భద్రతా మండలి 186వ తీర్మానం చేసింది, ఆ నెలాఖరుకి దళం దిగింది. మొదట మూడు నెలల కోసమే.

1974లో మొత్తం తిరగబడింది. జూలై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో కుట్ర, అధ్యక్షుడు మకారియోస్ పలాయనం. ఐదు రోజులకే టర్కీ సైన్యం ఉత్తర తీరంలో దిగింది. ఆగస్టు 16న కాల్పులు ఆగేసరికి ద్వీపంలో మూడో వంతుకు పైగా టర్కీ చేతిలో ఉంది. 1,60,000 మందికి పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, 40,000కు పైగా టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి కట్టుబట్టలతో వెళ్లారు. అప్పటికే పదేళ్లుగా ఇక్కడున్న ఐరాస దళం దీన్ని ఆపలేకపోయింది. ఆపడానికి దానికి అధికారం లేదు, బలమూ లేదు. సైప్రస్ మిషన్ దండగ అనేవాళ్లు మొట్టమొదట చూపించేది ఈ నెలనే. ఆ వాదనలో పస లేదని నేననను.

ఆనాటి నుంచి ద్వీపానికి అడ్డంగా 180 కిలోమీటర్ల బఫర్ జోన్, అంటే రెండు సైన్యాల మధ్య ఐరాస కాపలా కాసే నేల. వెడల్పు ఒకచోట ఏడు కిలోమీటర్లు దాటుతుంది, ఇక్కడ పాత నికోసియాలో ఒక సందులో మూడు మీటర్ల చిల్లర. గ్రీకులో దీన్ని మృత మండలం అంటారు, టర్కిష్‌లో మధ్య ప్రాంతం అంటారు. పేర్లలోనే తెలుస్తుంది ఎవరికి ఎక్కడ నొప్పో.

సాయంత్రం దక్షిణం వైపు గీత వెంబడే తూర్పుకు నడిచాను. వీధి తర్వాత వీధి, ఒక్కొక్కటీ గోడ దగ్గర ఆగిపోతుంది. ఒక సందు చివర పీపాలు ఉన్నాయి. నూనె పీపాలకు నీలం, తెలుపు రంగులు వేసి, సిమెంటు నింపి, ఒకదాని మీద ఒకటి రెండు వరసలుగా పేర్చారు. కింది వరసలో ఎడమ నుంచి మూడోది తుప్పు పట్టి చీలింది. రేకు ఊడినా లోపలి సిమెంటు పీపా ఆకారంలో అలాగే నిలబడి ఉంది. పైన ఇసుక బస్తాలు. గోనె చివికిపోయి ఇసుక కారి, అందులో గడ్డి మొలిచి, ఆ గడ్డికి పసుపు పూలు పూశాయి. వెనక ఇంటి గోడలోంచి అంజూర చెట్టు అడ్డంగా పెరిగి కొమ్మ ఇటు చాచింది. ఆ చెట్టు వయసు ఆ గోడ వయసుకు దగ్గరగా ఉంటుంది.

కాపలా గూడులోంచి పంతొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రాడు తొంగిచూసి, ఫోటో వద్దని వేలితో సైగ చేశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. పీపాల సందులోంచి అవతల ఒక నీలం టోపీ కదిలింది. ఐరాస సైనికులు ఇద్దరు, సైకిళ్ల మీద. ఒకడు కాలు ఆనించి ఆగాడు. పీపాల వైపు, బస్తాల వైపు చూశాడు. వెళ్లిపోయాడు.

ఏం చూశాడో ఆ రోజు అర్థం కాలేదు.

మూడో రోజు, లెడ్రా ప్యాలెస్

పాత ఊరి గోడల బయట, బఫర్ జోన్ లోపలే ఉంది లెడ్రా ప్యాలెస్ హోటల్. ఒకప్పుడు ద్వీపంలోకెల్లా దర్జా హోటల్. 1974 యుద్ధంలో విదేశీ అతిథులు, విలేకరులు లోపల చిక్కుకుపోతే ఐరాస వాళ్లు జెండా ఎగరేసి బయటికి తెచ్చారు. తర్వాత దశాబ్దాల పాటు ఐరాస సైనికులకు బస. గోడల నిండా తూటాల గుంటలు. పక్కనే రెండు వర్గాలవాళ్లూ కలుసుకునే సహకార కేంద్రం, అందులో ఒక కెఫే.

కెఫేలో ఒక పెద్దాయనతో మాట కలిసింది. తొంభైల్లో ఇక్కడ నీలం టోపీ పెట్టుకుని రెండు విడతలు పనిచేశాడట, ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఉండిపోయాడు. అర్జెంటీనావాడు. పడమటి సెక్టారు 1993 నుంచీ అర్జెంటీనా వాళ్లది, నికోసియా సెక్టారు బ్రిటిష్ వాళ్లది. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం కొట్టుకుని పదకొండేళ్లు తిరిగేసరికే ఆ రెండు దేశాలూ ఇక్కడ పక్కపక్కన నిలబడి ఇంకొకళ్ల తగువు కాపలా కాశాయి. అది అంటే నవ్వాడు. "రేడియోలో ఒకళ్ల ఇంగ్లీషు ఒకళ్లకి అర్థమయ్యేది కాదు. అదొక్కటే గొడవ."

నిన్న సైకిల్ మీద చూసిన సైనికుడి సంగతి అడిగాను.

"లెక్క చూసుకుంటాడు" అన్నాడు. "ఏ పోస్టులో ఎన్ని బస్తాలు, గోడ ఎత్తెంత, ఎంతమంది సైనికులు, తుపాకీ ఎటు తిరిగి ఉంది. ఫైలుంటుంది, ఫోటోలుంటాయి. నిన్నటికీ ఇవాళ్టికీ ఒక్క బస్తా ఎక్కువైనా వెళ్లి అడగాలి. తియ్యమని చెప్పాలి."

"తియ్యనంటే?"

"రాసుకోవాలి. మళ్లీ వెళ్లాలి. పై అధికారి వెళ్తాడు. ఆయన పై అధికారి వెళ్తాడు. ఈలోగా అవతలివాడు వచ్చి, వాడు బస్తా పెట్టాడు కదా, నేనూ పెడతానంటాడు. వాడికి సర్దిచెప్పాలి. నా ఉద్యోగంలో సగం రెండోవాడికి సర్దిచెప్పడమే."

ఇందులో ఒక చిత్రం ఉంది. 1974లో కాల్పులు ఆగాయే గానీ, రెండు పక్షాలూ సంతకాలు పెట్టిన కాల్పుల విరమణ ఒప్పందం ఈనాటికీ లేదు. గీత సరిగ్గా ఎక్కడ ఉందన్నదీ కొన్నిచోట్ల తగువే. అందుకని ఐరాస ఆ రోజు ఏది ఎలా ఉందో అలాగే ఉంచడాన్ని నియమం చేసుకుంది. గట్టు తగాదాలో సర్వే రాయి దొరక్కపోతే ఊరి పెద్ద కిందటేడు దున్నిన చాలు ఆనవాలుగా పట్టుకుంటాడే, అలాంటిదే ఇదీ.

మరి ఫలితం? 1989లో పాత నికోసియాలో ఎదురెదురుగా ఉన్న కొన్ని పోస్టుల నుంచి రెండు వైపులా సైనికుల్ని వెనక్కి తీసుకునేలా ఒప్పించారు. చేతికందే దూరంలో నిలబడి బూతులు తిట్టుకుంటూ, రాళ్లు విసురుకుంటూ, చివరికి ట్రిగ్గర్ నొక్కే పరిస్థితి అక్కడ పోయింది. చిన్న పనే. కానీ పెద్ద యుద్ధాలు కొన్ని అలాంటి చోట్లే అంటుకుంటాయి.

ఉల్లంఘనలు ఆగిపోయాయని కాదు. ఈ మధ్య దక్షిణం వాళ్లు కాంక్రీటు కాల్పుల గూళ్లు పెట్టుకుంటూ వచ్చారు, 2021లో వలసదారుల్ని ఆపడానికని ముళ్లకంచె వేశారు. ఉత్తరం వాళ్లు కెమెరాలు పెట్టారు, ముందుకు జరిగారు. నివేదికలో రెండూ ఎక్కుతాయి. తిలాపాపం తలా పిడికెడు.

పెద్దాయన్ని సూటిగా అడిగాను, ఇన్నేళ్ల పనికి లాభం ఏమిటని. కాఫీ కప్పు తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు. "మేం బాగా చెయ్యబట్టే ఎవరికీ తొందర లేదు" అన్నాడు.

ఈ మాట రాత్రంతా వదల్లేదు. 2004 ఏప్రిల్‌లో, ద్వీపాన్ని మళ్లీ కలిపేందుకు అప్పటి ఐరాస ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తెచ్చిన పథకం మీద రెండువైపులా ఓటింగ్ పెట్టారు. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం ఔనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం కాదన్నారు. వారం తిరిగేసరికి సైప్రస్ ఐరోపా సమాఖ్యలో చేరిపోయింది. మధ్యలో ఐరాస ఉంది, తుపాకులు పేలడం లేదు, పర్యాటకులు వస్తున్నారు. రాజీ పడితే ఓట్లు పోతాయి, పడకపోతే పోయేది ఏమీ లేదు. పుండు మానదు, ప్రాణం పోదు.

అయితే ఆ పాపం కట్టు కట్టినవాడిదా?

నాలుగో రోజు, విమానాశ్రయం కంచె

వాన. నికోసియా పడమటన పాత అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది, ఐరాస ప్రధాన స్థావరం ఆ ఆవరణలోనే. లోపలికి వెళ్లాలంటే ముందే అనుమతి కావాలి, నాకు లేదు. గేటు దగ్గర దిగి, గొడుగు కింద కాసేపు నిలబడి వచ్చాను. లోపల 1974 నాటి ట్రైడెంట్ విమానం ఇంకా అలాగే ఉంది, దాని ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

చెబుతానన్న మూడో భారతీయ సేనాధిపతి కథ ఇక్కడిదే. దివాన్ ప్రేమ్‌చంద్, 1969 నుంచి 1976 దాకా. 1974 జూలైలో ఈ విమానాశ్రయం కోసం రెండు సైన్యాలూ పోరాడుతుంటే, జూలై 23న దీన్ని ఐరాస రక్షిత ప్రాంతంగా ప్రకటించి తన సైనికుల్ని లోపల మోహరించాడు. టర్కీ తన స్వాధీనంలో ఉందని ప్రకటించుకుంది. ఐరాస కదల్లేదు. బ్రిటన్ నుంచి అదనపు బలగం వచ్చి నీలం టోపీ పెట్టుకుంది. చివరికి టర్కీ దాడి చెయ్యమని హామీ ఇచ్చింది. ఇప్పటికీ ఇది ఎవరిదీ కాదు.

ద్వీపాన్ని కాపాడలేని దళం విమానాశ్రయాన్ని ఎలా కాపాడింది? నాకు తోచింది చెబుతాను. నీలం టోపీకి సొంత బలం ఉండదు. ఆ టోపీని తోస్తే వెనక ఎవరొస్తారన్నదే దాని బలం. ఇక్కడ వెనక బ్రిటన్ ఉంది, పెద్ద రాజధానుల్లో ఫోన్లు మోగాయి. 1967 మేలో ఈజిప్టు పొమ్మంటే సినాయ్‌లో పదేళ్లుగా ఉన్న ఐరాస దళం సామాను సర్దుకుంది, మరుసటి నెలే ఇజ్రాయెల్‌తో యుద్ధం. ఇథియోపియా, ఎరిత్రియాల మధ్య ఉన్న మిషన్‌కు ఎరిత్రియా డీజిల్ రానివ్వలేదు; 2008లో అదీ మూతపడింది. కశ్మీరులో 1949 నుంచీ పరిశీలకులున్నారు, సిమ్లా ఒప్పందం ప్రకారం ఇది ద్వైపాక్షికమంటూ 1972 నుంచీ భారత్ వాళ్లకు ఫిర్యాదులివ్వడం లేదు. రెండు పక్షాలూ ఉండమన్నంతవరకే ఉండే కాపలాదారు వీళ్లు. ఆ సంగతి తెలియకుండా వీళ్లను తిట్టడమూ తప్పే, నెత్తిన పెట్టుకోవడమూ తప్పే.

ఈ ఆవరణలోనే తప్పిపోయినవారి కమిటీ ప్రయోగశాల కూడా ఉంది. జాబితాలో 2,002 పేర్లు. 1,510 గ్రీకు, 492 టర్కిష్. ఎముకలు తవ్వి తీసి, డీఎన్ఏతో పోల్చి, వెయ్యిమందికి పైగా ఆనవాలు పట్టి ఇళ్లకు అప్పగించారు. రెండు వర్గాల శాస్త్రవేత్తలూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు. ఇది పరిరక్షక దళం పని కాదు. కానీ తుపాకులు పేలుతుంటే ఎవరూ గోతులు తవ్వి ఎముకలు వెతకరు.

బట్టలు తడిసి ముద్దయ్యాయి. మధ్యాహ్నమంతా రూములో పడుకున్నాను.

ఐదో రోజు, పిలా

లార్నకాకి తూర్పున చిన్న ఊరు. బఫర్ జోన్‌లో ఉంటూ, రెండు వర్గాలూ ఇప్పటికీ కలిసి బతికేది ఇదొక్కటే. చౌకులో గ్రీకు కాఫీ కొట్టు ఒక పక్క, టర్కిష్ కాఫీ కొట్టు ఒక పక్క, వాటికి పైగా ఐరాస కాపలా గది. రెండు కొట్లలోనూ తాగాను. ఒకటే కాఫీ, అడుగున అదే మడ్డి. ఒకచోట గ్రీకు కాఫీ అనాలి, ఇంకోచోట టర్కిష్ కాఫీ అనాలి, అంతే తేడా.

ఇక్కడ తుపాకీ సైనికుల కంటే ఐరాస పోలీసులే ఎక్కువ పనికొస్తారు. ద్వీపం మొత్తానికి ఎనిమిది వందల మంది సైనికులుంటే, పోలీసులు డెబ్భైలోపే. ఆయుధాలుండవు. పార్కింగ్ తగువు, గోడ తగువు, బడి పిల్లల కొట్లాట. ఏ వైపు పోలీసు వచ్చినా రెండోవైపుకు అది ఆక్రమణలా కనిపిస్తుంది కాబట్టి వీళ్లే మధ్యలో దూరాలి. గ్రీకు కొట్టులో ఒక ముసలాయన, ఐరాస వాళ్ల మీద మీ అభిప్రాయం ఏమిటంటే, "కొత్తవాడు వచ్చి మన గొడవలు నేర్చుకునేసరికి వెళ్లిపోతాడు, మళ్లీ ఇంకోడికి మొదటి నుంచి చెప్పాలి" అన్నాడు. ఆయన విసుక్కున్నా, నా లెక్కలో ఈ మిషన్ల మీద నేను విన్న అసలైన ఫిర్యాదు ఇదే. సైనికులు ఆరు నెలలకో ఏడాదికో మారిపోతారు. ఊరి జ్ఞాపకం మారదు.

ఎదురు కొట్టులో వేరే ఫిర్యాదు. ఏటా జనవరి నెలాఖరుకి న్యూయార్క్‌లో మిషన్ గడువు పొడిగిస్తారు. సైప్రస్ ప్రభుత్వం సమ్మతి అడుగుతారు, ఖర్చులో మూడో వంతు కూడా ఆ ప్రభుత్వానిదే. "మా గడప ముందు నిలబడేవాణ్ని మమ్మల్ని అడక్కుండా పెడతారు" అన్నాడు కొట్టు యజమాని. ఉత్తరాన్ని దేశంగా గుర్తించింది టర్కీ ఒక్కటే కాబట్టి ఐరాస అడగలేదు. అడగకపోతే వీళ్లకు మంట. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండటమే దీనికి పట్టిన శని.

ఆ మంట 2023 ఆగస్టు 18న ఇక్కడే బయటపడింది. ఉత్తరాన ఉన్న ఆర్సోస్ నుంచి పిలాకి నేరుగా రోడ్డు వేస్తామని టర్కిష్ సైప్రియట్ల వైపు నుంచి మనుషులు, యంత్రాలు వచ్చాయి. ఊరివాళ్ల రాకపోకల కోసమని వాళ్లన్నారు. ఎత్తు మీద ఉన్న చోటు, సైనిక లాభం కోసమేనని దక్షిణం వాళ్లన్నారు. ఐరాస సైనికులు బండ్లు అడ్డంపెట్టి, చేతులు కలిపి వరసగా నిలబడ్డారు. వచ్చినవాళ్లు సైనికుల్ని కొట్టారు, యంత్రాలతో ఐరాస బండ్లను పక్కకు నెట్టేశారు. ముగ్గురు ఆసుపత్రిలో చేరారు. సైనికులు తుపాకీ ఎత్తలేదు.

చేతగానితనమా అది? ఆ వీడియో చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ ఎత్తు కిందికి వెళ్లి నిలబడితే వేరేగా అనిపించింది. ఒక్క తూటా పేలి ఉంటే? దగ్గర్లోనే రెండు సైన్యాలున్నాయి. భద్రతా మండలి ఖండించింది, పని ఆగింది, అక్టోబరులో ఒక అవగాహన కుదిరింది. పని మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. దెబ్బలు తిన్న మాట నిజం, రోడ్డు ఆగిన మాటా నిజం. ఏది గెలుపో చెప్పమంటే నేను చెప్పలేను.

ఆరో రోజు, వరోషా, డెరీనియా

పొద్దున్నే ఉత్తరానికి దాటి ఫమగుస్టా, అక్కణ్నుంచి వరోషా. 1974 దాకా సముద్రం ఒడ్డున హోటళ్లతో కళకళలాడిన పేట. దాదాపు 39,000 మంది జనం ఒక్క ఆగస్టులో ఖాళీ చేశారు. టర్కీ సైన్యం కంచె వేసింది. దీన్ని ఐరాస పాలనకు అప్పగించాలని 1984లో 550వ తీర్మానం చెప్పింది. ఎవరూ అప్పగించలేదు. 2020 అక్టోబరు 8న టర్కిష్ సైప్రియట్లు కొన్ని వీధులు సందర్శకులకు తెరిచారు. భద్రతా మండలి ఆందోళన వెలిబుచ్చింది. ఇవాళ నేను ఆ వీధుల్లో అద్దె సైకిల్ తొక్కాను.

తప్పు చేస్తున్నానేమో అనిపిస్తూనే ఉంది. కొత్త తారు రోడ్డు, రెండు పక్కలా తాడు, తాడు అవతల కూలిన బాల్కనీలు, కిటికీలోంచి బయటికి పెరిగిన చెట్లు. ఒక ఇంటి వరండాలో టైల్సు ఇంకా మెరుస్తున్నాయి. వాటి మీద మేక పెంటికలు. పిల్లలు ఐస్‌క్రీం తింటూ సెల్ఫీలు దిగుతున్నారు. ఈ పేట లోపల ఐరాస గస్తీకి స్వేచ్ఛ లేదు. ఇక్కడ ఏం జరిగినా టర్కీదే బాధ్యత అని నివేదికలో ఏటా ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యంతోపాటే గోడలు కూలుతున్నాయి. మిషన్ ఓడిన చోటు చూపించమంటే నేను ఇదే చూపిస్తాను.

మధ్యాహ్నం డెరీనియా క్రాసింగ్ దగ్గర దక్షిణానికి తిరిగొచ్చాను. 2018లో తెరిచిన దారి. 1996 ఆగస్టులో ఈ పొలాల్లోనే గ్రీకు సైప్రియట్ నిరసనకారుడు తాసోస్ ఐజాక్‌ను మూక కొట్టి చంపింది. మూడు రోజులకు, ఆయన అంత్యక్రియల నాడు, ఇంకో నిరసనకారుడు సోలోమోస్ సోలోము టర్కీ జెండా కర్ర ఎక్కుతుంటే ఉత్తరం వైపు నుంచి కాల్చి చంపారు. కెమెరాలు చూస్తుండగా, ఐరాస సైనికులు అడ్డుపడుతుండగా. ఇద్దరు బ్రిటిష్ ఐరాస సైనికులకూ తూటాలు తగిలాయి. ఆ వారం దాటి యుద్ధం కాకుండా ఎలా ఆగిందో, ఎవరెవరికి ఎన్ని ఫోన్లు చేశారో ఏ వీడియోలోనూ ఉండదు.

గీత పక్కన ఒక మేడ మీద బైనాక్యులర్లు పెట్టి వచ్చినవాళ్లకు చూపిస్తారు. అందరూ వాటిని వరోషా వైపు తిప్పుతున్నారు. నేను అప్పుడే అక్కణ్నుంచి వచ్చాను కాబట్టి మధ్య పొలాల వైపు తిప్పాను. ఎర్రమట్టి, బంగాళదుంప చాళ్లు, దూరంగా ఒక ట్రాక్టరు. బఫర్ జోన్‌లో దున్నాలంటే ఐరాస దగ్గర పర్మిట్ తీసుకోవాలి.

తెల్ల జీపు ఒకటి వచ్చి ట్రాక్టరు పక్కన ఆగింది. నీలం టోపీ అమ్మాయి దిగింది. రైతు కూడా దిగి జేబులోంచి కాగితం తీశాడు. ఆమె కాగితం చూసి, నేల చూసి, చెయ్యి చాచి ఏదో చూపించింది. నాలుగు చాళ్లు ఎక్కువ వెళ్లినట్టున్నాడు. రైతు రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు, అవతలి కాపలా గూడు వైపు చూపించాడు, తన గుండె మీద కొట్టుకున్నాడు. ఆమె వింది. చాలాసేపు వింది. తర్వాత మళ్లీ అదే చోటు చూపించింది.

నా వెనక వరసలో నిలబడ్డాయన ఇంకెంతసేపన్నట్టు దగ్గాడు. ఒక్క నిమిషమని చెప్పి మళ్లీ కన్ను పెట్టాను. అవతలి గూడులో టర్కీ సైనికుడు కూడా బైనాక్యులర్లతో అదే ట్రాక్టరును చూస్తున్నాడు. రైతు సీటు ఎక్కి, ఒకసారి ఉమ్మేసి, ట్రాక్టరును రివర్సు చేశాడు. ఆమె నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది.